రాయచెర్లు నుంచి చూసిన ఎర్ర మెరుపు

పావగడ బజారులో మాది కరెంటు సామాన్ల అంగడి. గిరాకీ లేని ఒక మధ్యాహ్నం ఫోన్‌లో చదివాను: ఉరుముల మబ్బులకు కూడా చాలా పైన ఒక్కోసారి ఎర్రటి మెరుపులు పుడతాయట, కన్ను మూసి తెరిచేలోపు మాయమవుతాయట. వాటిని ఫొటో తీయాలంటే వాన ఎక్కడో దూరాన పడుతుండాలి, మన నెత్తిన ఆకాశం తేటగా ఉండాలి. నవ్వొచ్చింది. మా తాలూకాలో ఏటా జరిగేది అదే.

ఆ వేసవి నుంచి, తూర్పున మెరుస్తున్న రోజుల్లో పొద్దుగూకగానే అంగడి మూసి, బైకు మీద రాయచెర్లు పల్లెకు పోయేవాణ్ణి. టౌను దీపాలు అడ్డం రాని చోటు కావాలి. మా అంగడికి ఎప్పటినుంచో వచ్చే ఆ ఊరి రైతు ఒకాయన, చేను సోలార్ పార్కుకు లీజుకిచ్చి గొర్రెలు మేపుకుంటున్నాడు. తన దొడ్డి పక్కన కెమెరా పెట్టుకోమన్నాడు. స్టాండు మీద నిలబెడితే అది ఒకదాని వెంట ఒకటి ఫొటోలు తీసుకుంటూ పోయేది. రెండు వేసవులూ ఇంటికి తెచ్చింది ఉత్త చీకటినే.

మూడో ఏడు, అంత దూరం ఏం చేస్తున్నానో చూద్దామని నా భార్య కూడా వచ్చింది. నేను వంగి కెమెరా తెర చూసుకుంటుంటే భుజం తట్టింది.

"మోడం పైన ఎర్రగా ఏందో లేచి పోయిందండీ."

తలెత్తేసరికి ఏమీ లేదు. తీసిన ఫొటోలు వెనక్కి తిప్పుతూ పోయాం. ఒకదాంట్లో ఉంది. మబ్బుకు బాగా ఎత్తున, పెరికిన వేరుశనగ చెట్టు వేళ్లలా సన్నటి ఎర్ర గీతలు.

గొర్రెలాయన్ను పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, దీని కింద ఏ ఊరుంటుందని అడిగాడు. కడప అవతల ఎక్కడో అయి ఉండొచ్చన్నాను.

"అట్లయితే ఆడ బాగా పడినట్లేనన్నా," అన్నాడు, తృప్తిగా.

ఆయన చేను సోలార్ అద్దాల కిందికి పోయి ఏళ్లయింది. విత్తే పని లేదు. అయినా ఆ ఎరుపులో ఆయనకు కనిపించింది ఎవరిదో తడిసిన నేల. ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా నేను దాని గురించే ఆలోచించాను.

ఆ ఫొటో పెద్దది చేయించి అంగడిలో తగిలించాను. ఎవరైనా అడిగితే నా భార్యే చెబుతుంది, చెయ్యెత్తి మరీ. తర్వాత కెమెరాలో ఇంకో మూడు నాలుగు పడ్డాయి కానీ, నా కంటితో మాత్రం ఇంతవరకు చూడలేదు. ఇప్పుడు కెమెరాను దాని పనికి వదిలేసి, నేనూ ఆమె పక్కన కూర్చుని తూర్పుకేసి చూస్తుంటాను.