ఇల్మార్ అంకుల్‌ది రష్యా కాదు

నా చిన్నప్పుడొక ఆదివారం మా గుమ్మం ముందు బూట్లు... అంత పెద్దవి అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు... మూడు జతలు. సింగపూర్‌లోని టోవా పాయోలో మా ఫ్లాట్ బయట కారిడార్ సగం వాటితోనే నిండిపోయింది.

సోవియట్ యూనియన్ ఇంకా ఉన్న రోజులవి. నాన్న ఓడల మరమ్మతు యార్డులో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. అక్కడికి రిపేరుకొచ్చిన సోవియట్ సరుకు ఓడలో పనిచేసే ముగ్గురిని ఆ ఆదివారం భోజనానికి తీసుకొచ్చారు. ఒక్కరినే బయటికి పంపేవారు కాదట... ఎక్కడికెళ్లినా ముగ్గురూ కలిసే వెళ్లాలి.

అమ్మ ముద్దపప్పు, గోంగూర పచ్చడి, గుత్తివంకాయ చేసింది. వాళ్లలో ఓడ ఎలక్ట్రీషియన్ ఇల్మార్ గోంగూర కారానికి కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ అదే వడ్డించమన్నాడు. నేను పరుగెత్తి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, "రష్యా అంకుల్, వాటర్" అన్నాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"రష్యా కాదు" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. "ఎస్టోనియా."

పక్కన కూర్చున్నాయన నవ్వేసి, "అంతా ఒకటే దేశం, పాపా" అన్నాడు.

"ఒకటి కాదు" అన్నాడు ఇల్మార్. "మమ్మల్ని సోవియట్ వాళ్లు బలవంతంగా కలిపేసుకున్నారు. మా అమ్మ పుట్టినప్పుడు అది దేశమే. మళ్లీ అవుతుంది."

గొంతు పెంచలేదు. అయినా అమ్మ గబగబా అప్పడాలు తెచ్చి అందరికీ వేసింది.

భోజనాలయ్యాక ఆయన నా నోటుబుక్కు అడిగి తీసుకుని మూడు చారలు గీశాడు. పైన నీలం, మధ్యలో నలుపు, కింద తెలుపు. ఒకప్పుడు ఈ జెండా ఇంట్లో దొరికితే జైల్లో పెట్టేవారట. అందుకని వాళ్లమ్మ ఆయన చిన్నప్పటి ఉన్ని గ్లౌజులకు లోపలి వైపు ఈ మూడు రంగులూ అల్లిందట... బయటికి కనిపించకుండా. "ఇప్పుడు మా ఊళ్లో వేలమంది ఒక్కచోట చేరి, పాడొద్దన్న పాటలన్నీ పాడుతున్నారు" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పాటలు పాడితే దేశం ఎలా వస్తుందో అర్థం కాలేదు. కానీ నమ్మేశాను.

కొన్నాళ్లకు స్కూల్లో ఒక్కొక్కరూ ఒక్కో దేశం గురించి చార్టు చెయ్యాలన్నారు. పేరెంట్స్ వచ్చే రోజున గోడలకు పెడతారు. నేను ఎస్టోనియా చేశాను.

మిస్ చూసి, "ఈ పేరుతో దేశం లేదు. సోవియట్ యూనియన్ జెండా వేసుకుని రా. సింపుల్ లా" అంది, సింగపూర్ వాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలించి.

"ఉంది మిస్. కలిపేసుకున్నారు."

"అయితే మ్యాపులో చూపించు."

గోడ మీది మ్యాపులో అక్కడంతా ఒకటే రంగు.

"మ్యాపు తప్పు, మిస్."

క్లాసంతా నవ్వింది. మిస్ నవ్వలేదు. నాన్నకు చీటీ రాసిచ్చింది.

నాన్న చాలా జాగ్రత్త మనిషి. చీటీ చదివి, "మనం ఇక్కడికి పని చేసుకోడానికొచ్చాం, చిట్టీ. ఎవరితోనూ పేచీలొద్దు. మార్చెయ్యి" అన్నారు.

"నేను మార్చను."

ఆయన ముఖం ఎర్రబడింది. అప్పుడు వంటింట్లోంచి అమ్మ, "మిమ్మల్ని ఎవరైనా తమిళ్ అంటే, కాదండీ, తెలుగు అని లిఫ్టులో కూడా తగువేసుకుంటారు కదా! ఆ ఇల్మార్‌దీ అదే బాధ. మరి దాన్నెందుకు మార్చమంటున్నారు?" అంది.

నాన్న చీటీ మళ్లీ చదివారు. తర్వాత పెన్ను తీసి చీటీ వెనక రాశారు... 'మా అమ్మాయి రాసింది సరైనదే. దయచేసి మార్చమనకండి.'

మిస్ చార్టు గోడకు పెట్టలేదు. చుట్టి తిరిగిచ్చేసింది. పేరెంట్స్ వచ్చిన రోజున అందరి చార్టులూ ఉన్నాయి, నాది తప్ప. అమ్మా నాన్నా నన్ను మధ్యలో నిలబెట్టుకుని అన్నీ తీరిగ్గా చూశారు. ఎవరి ముందూ తలదించుకోలేదు.

మర్నాడు నాన్న ఆ చార్టును యార్డుకు పట్టుకెళ్లి ఇల్మార్‌కిచ్చారు. ఆయన దాన్ని ఓడలో తను పనిచేసే గదిలో అంటించాడట. ఆఫీసరొకాయన వచ్చి తీసెయ్యమంటే, "కావాలంటే మీరే తియ్యండి" అన్నాడట. ఎవరూ తియ్యలేదు. రెండు వారాలకు ఓడ వెళ్లిపోయింది.

మరుసటి ఏడాది ఆగస్టులో మాస్కోలో తిరుగుబాటు జరిగి, వీధుల్లో ట్యాంకులు టీవీలో కనిపించాయి. నాన్న అన్నం కలిపి, తినకుండా అలాగే కూర్చున్నారు. రెండ్రోజులకు వార్తల్లో చెప్పారు... ఎస్టోనియా తన స్వాతంత్ర్యాన్ని మళ్లీ ప్రకటించుకుంది. నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మా నాన్న! నలుగురిలో గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే మనిషి.

తర్వాత ఒకరోజు స్కూలు కారిడార్లో మిస్ నన్ను ఆపి, "నువ్వు చెప్పింది కరెక్టే" అంది. థాంక్యూ అనాల్సింది.

"అప్పుడు కూడా కరెక్టే, మిస్" అన్నాను.

ఆ మాటకి ఇప్పటికీ సారీ చెప్పాలనిపించదు.

ఇల్మార్ అంకుల్ ఇంటిపేరు నాన్న రాసిపెట్టుకోలేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఉన్నాడో లేడో... తన దేశం తిరిగొచ్చిన రోజున ఏ సముద్రం మీద ఉన్నాడో.

మొన్న ఇదంతా చెబితే మా అమ్మాయి, "ఎస్టోనియా ఎవ్రీబడీ నోస్ లా, అమ్మా. ఓట్లు కూడా ఆన్‌లైన్‌లో వేస్తారు" అని ఫోన్లోకి వెళ్లిపోయింది. దానికి అన్ని దేశాల పేర్లూ వచ్చు. ఇక్కడే, సింగపూర్‌లోని వన్-నార్త్‌లో నా ఆఫీసు ఫ్లోరులోనే పది దేశాలవాళ్లున్నారు... ఒక్కరూ మా ఇంట్లో కూర్చుని అన్నం తినలేదు. పిలవంది నేనే. ఆ తప్పు నాదే.

చిన్నప్పుడు మీ ఇంట్లోనూ ఇలా ఎవరైనా దూరదేశం మనిషి భోంచేసి వెళ్లారా? కింద రాయండి... వాళ్లది ఏ ఊరో, ఏ దేశమో. మ్యాపులో ఉన్న పేరు కాదు, వాళ్లు చెప్పుకున్న పేరే రాయండి.