హిల్కా గొప్పలు చెప్పిన శుక్రవారం

హిల్కా రౌతియాయినెన్‌కు యాభై ఏడేళ్లు. చలిదేశంలోని ఔలు అనే ఊళ్లో చిప్పులు డిజైన్ చేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా ఆమె పని ఒక్కటే. ఇంజనీర్లు తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో రాయడం. ఇన్నేళ్లలో దేన్నీ నోరారా మెచ్చుకున్న పాపాన పోలేదు. ఆ ఊళ్లో ఎవరూ పోరు. కూతురు డాక్టరు పరీక్ష పాసైన రోజున "సరే, కోటు వేసుకో, బయట చలి" అంది. అంత మాట అన్నందుకు కూతురు ఆనందం పట్టలేక ఏడ్చింది.

ఈసారి ఆమె రాయాల్సింది హౌకి అనే సెర్చ్ టూల్ గురించి. చిప్ డిజైన్ అంటే బొమ్మ కాదు, లక్షల లైన్ల కోడు. అందులో సిగ్నల్ మోసే ఫలానా తీగ ఎక్కడ పుట్టింది, ఎటు పోయింది అని అడిగితే హౌకి రెప్పపాటులో వెతికి పెడుతుంది. అడిగేది మనుషులు కాదు, ఏఐ ఏజెంట్లు. హిల్కా రాసింది చదువుకుని, హౌకిని సొంతంగా వాడుకుని, డిజైన్‌లో తప్పులు పట్టాలి అవి.

మేనేజరు సైమి నాన్చలేదు. "శుక్రవారం పరీక్ష. పది ప్రశ్నలు. ఏజెంటు ఎనిమిదికి సరిగ్గా చెబితే నీ పని నీకుంటుంది. చెప్పకపోతే ఇకమీదట ఈ రాతలన్నీ ఏజెంటే రాసుకుంటుంది. నువ్వు పాత కాగితాలు స్కాన్ చేసుకుందువుగాని."

శుక్రవారం పొద్దున్నే ఎనిమిదింటికి, పరీక్షలు నడిపే ఇల్పో మొదటి విడత నడిపాడు. పదికి మూడు వచ్చాయి.

"తల్లీ, నీ ఏజెంటు 'మూలం' కమాండును ముట్టుకోవట్లేదు," అన్నాడు ఇల్పో. "తీగ ఎక్కడ పుట్టిందో చెప్పేదే అది! దాన్నొదిలేసి నాలుగు లక్షల లైన్లూ పైనుంచి కిందికి చదువుతోంది. చదివి చదివి సగంలో చేతులెత్తేస్తోంది."

"అదేంటి? అన్నిట్లోకీ అదే కదా..." హిల్కా ఆగిపోయింది. 'గొప్పది' అనే మాట ఆమె నోటికి అలవాటు లేదు.

ఇల్పో ఆమె పేజీ తెరిచి పైకి చదివాడు. "'మూలం. మరీ చెడ్డదేం కాదు. ఒక్కోసారి అక్కరకు రావచ్చు.'"

"ఇంకెంత పొగడమంటావు?"

"నాకైతే ఇదే ఎక్కువ. చదవగానే, అబ్బో, బ్రహ్మాండంగా ఉంటుందన్నమాట అనుకున్నా. కానీ అది ఔలులో పుట్టలేదుగా! చెడ్డది కాదంటే మంచిదీ కాదనుకుంది, పాపం."

హిల్కా కుర్చీ దగ్గరికి లాక్కుంది. 'మూలం మంచి కమాండు' అని కొట్టి, చెవులు ఎర్రబడి చెరిపేసింది. కాఫీ తాగింది. ఇంకో కాఫీ తాగింది. ఆ ఊరి అలవాటు ప్రకారం ఆవిరిస్నానాల గదిలో పదిమంది మధ్య నూలుపోగు లేకుండా కూర్చోవడానికి ఏనాడూ సిగ్గుపడని మనిషి, ఒక్క వాక్యం ముందు ముడుచుకుపోయింది. చివరికి కళ్లు మూసుకుని టకటకా కొట్టేసింది. 'తీగ పుట్టుక కావాలంటే మూలమే వాడు. దీన్ని మించింది లేదు.'

"అయ్యబాబోయ్!" ఇల్పో అటూ ఇటూ చూశాడు. "ఎవరైనా చూశారా?"

"నోర్మూసుకుని నడుపు."

పదికి ఏడు. ఒక్కటి తక్కువ.

ఇల్పో పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "ఇప్పుడు నీ మాట వేదవాక్కయిపోయింది. దేనికైనా మూలమే! కోడు పక్కన ఇంజనీరు ఏమని హెచ్చరిక రాశాడు అని అడిగా. హెచ్చరికకి తీగెక్కడిది? అయినా మూలంతోనే వెతికి, హెచ్చరికలేం లేవు పొమ్మంది."

"అంటే... దాని లోపాలు రాయాలా?"

"ఆఁ."

హిల్కా ముఖం వెలిగిపోయింది. లోపాలా! లోపాలెంచడం ఆమెకి ఉగ్గుపాలతో పెట్టిన విద్య. కూనిరాగం తీస్తూ మొదలుపెట్టింది. హెచ్చరికలు వెతకడానికి మూలం పనికిరాదు, మామూలు సెర్చ్ వాడు. పేరు సగమే తెలిస్తే పనికిరాదు. బయటి కంపెనీల దగ్గర కొన్న డిజైన్ ముక్కల లోపలికి తొంగిచూడటం దానివల్ల కాదు. పావుగంటలో పదకొండు లోపాలు తేలాయి. పన్నెండోదాని కోసం వేళ్లు లేచాయి.

"ఇక చాల్లే! ఏజెంటుకి బతుకుమీద విరక్తి పుడుతుంది," అని ఇల్పో కీబోర్డు లాక్కున్నాడు.

మూడో విడతకి సైమి కూడా వచ్చి వెనకాల నిలబడింది. తెర మీద ఒకటో ప్రశ్న పక్కన ఆకుపచ్చ వెలిగింది, జవాబు సరైందని. రెండు, మూడు, నాలుగు ఆకుపచ్చ. ఏడు దగ్గర హిల్కా కుర్చీలోంచి లేచింది. ఎనిమిది! ఇల్పో బల్ల గుద్దాడు. తొమ్మిది. పది.

సైమి తెర వంక ఓసారి చూసి తలూపింది. "వచ్చే నెల ఇంకో టూల్ వస్తోంది. దానికీ నువ్వే రాయి. రాయగలవా?"

"నాకంటే బాగా రాసేవాళ్లు ఈ ఆఫీసులో లేరు," అంది హిల్కా.

గదిలో ఇరవై కీబోర్డులు ఠక్కున ఆగాయి. హిల్కా రెండు చేతులతో నోరు మూసుకుంది గాని, నవ్వు వేళ్ల సందుల్లోంచి పొంగుకొచ్చేసింది.