ఒక దెబ్బ ఎక్కువైన పేరు

గులిజారక్క టర్కీలోని మా కదిర్లి ఊరి పత్తిమిల్లులో కూలీ. వాళ్లమ్మకు ముగ్గురు మగపిల్లలు పురిట్లోనే పోతే, నాలుగోవాడికి దుర్ముష్ అని పేరు పెట్టారు. అంటే, నిలిచాడని. వాడు పంతొమ్మిదేళ్లు నిలిచి, ఒక జూలై మధ్యాహ్నం సాగుకాలవలో ఈతకు దిగి మునిగిపోయాడు.

శవం దగ్గర అక్క పాట కట్టి ఏడ్చింది. ఊరంతా ఏడుస్తుంటే, నేనొక్కణ్ణే, పాపిష్ఠివాణ్ణి, తాళం లెక్కపెట్టుకున్నాను. అప్పట్లో మాకు ‘ఎర్రగాలి’ అని ఒక బృందం ఉండేది. జుట్లు పెంచి, తాతల నాటి సాజ్ వాద్యానికి కరెంటు తగిలించి, మత్తెక్కినట్టు వాయించేవాళ్లం. డ్రమ్స్ నావి. మొదటి రికార్డులో ఆ పాట పాడమని అక్కను బతిమాలి అదానా పట్నం తీసుకెళ్లాం.

“అక్కా, దుర్ముష్ అన్నచోట ఒక దెబ్బ ఎక్కువవుతోంది. ఆ పేరు వదిలెయ్యవూ?”

“పేరు పెట్టి పిలవకపోతే చచ్చినవాడికి ఎట్లా వినపడుతుందిరా తైఫూర్? నీ డప్పు కోసం నా తమ్ముణ్ణి వదిలెయ్యాలా?”

“ఈ ఒక్కసారికే అక్కా.”

వదిలేసింది. “కాలవ మింగిందమ్మా, నా తమ్ముణ్ణి” అని పాడింది. మధ్యలో పేరుండాల్సిన చోట నా రెండు దెబ్బలు పడ్డాయి.

ఆ ఏడు ఆ రికార్డును కుక్క కూడా వినలేదు. ముప్ఫై ఏళ్లకు ఇస్తాంబుల్ కుర్రకారు దాన్ని తవ్వి తీసి నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా వేస్తున్నారు, చేతులెత్తి ఎగురుతున్నారు. మిల్లు వదిలేశాక అక్కకు ఆ పాటే తోడు. రోజూ వినేది, వింటూ పాడేది, పాడి నన్ను తిట్టేది.

కొత్తగా అచ్చేసిన రికార్డు అట్ట మీద ‘ఆడగొంతు ఎవరిదో తెలియదు’ అని రాశారు. చదివి వినిపించాను.

“నా పేరు లేకపోతే పీడాపోయె. పాటలో వాడి పేరు ఎక్కించరా, నేను పోయేలోపు.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, రికార్డు వేసేవాళ్ల కాళ్లావేళ్లా పడ్డాను. సరే, పేరుతో ఉన్న అసలు పాటను అక్క చేత పాడించి రికార్డు చివర్లో చేరుస్తామన్నారు. మొన్న వసంతంలో మైకు పట్టుకుని అక్క వంటింటికే వచ్చారు. అక్క పొయ్యి మీది గోధుమరవ్వ దించి, తలగుడ్డ సర్దుకుని పాడింది. గొంతు వణికినా పాట చెడలేదు.

“కాలవ మింగిందమ్మా...” అని ఆగింది. వేళ్లు మోకాలి మీద రెండు దెబ్బలు వేశాయి. “...నా తమ్ముణ్ణి.”

మళ్లీ పాడమన్నారు. మళ్లీ అవే రెండు దెబ్బలు. మూడోసారి అక్క తన చేతిని తానే తొడ కింద నొక్కిపెట్టుకుని పాడింది. అక్కడికి రాగానే నోరు తెరుచుకుంది గానీ, పేరు రాలేదు.

“యాభై ఏళ్లుగా వాడి పేరుకు బదులు నీ డప్పే మింగుతున్నానురా” అంది ఏడుస్తూ. “తీసింది నువ్వేగా. నువ్వే పెట్టు.”

నాకు పాట రాదు. అయినా ఆమె పాడుతుంటే, ఆ చోటు రాగానే “దుర్ముష్” అన్నాను.

అప్పటికే ఆమె తర్వాతి మాటలోకి వెళ్లిపోయింది.