పిన్ని డీజిల్ ట్యాంకు విప్పిన రోజు

నా చిన్నప్పుడు మా నాన్నకి ఒక మోటారు బోటు ఉండేది. కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసేచోట దాన్ని కట్టేవారు. అంతకుముందు మాకు ఉన్నవి తెరచాప పడవలే. బోటు వచ్చాక నాన్న నడకే మారిపోయిందని మా నానమ్మ నవ్వేది. చుక్కాని పక్కన చెక్కకి బిగించిన గుండ్రటి డీజిల్ మీటరంటే ఆయనకి మరీ మురిపెం. దాని గాజు మీద ఉప్పు చెమ్మ పేరుకోకుండా రోజూ తువ్వాలుతో తుడిచేవాడు.

బోటు నడిపేది సరంగు. మాకు చుట్టం కాకపోయినా ఇంటిల్లిపాదీ ఆయన్ని మావా అనే పిలిచేవాళ్ళం. కుర్రతనంలో నాన్నకి వల వెయ్యడం నేర్పింది ఆయనే. బోటు తాళం ఆయన మొలతాడుకే వేలాడుతుండేది. వేటలేని రోజుల్లో కూడా బోటులోనే పడుకునేవాడు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక మీటరు ముల్లు చిత్రమైన పోకడ పోవడం మొదలుపెట్టింది. సాయంత్రం డ్రమ్ములోంచి డీజిల్ పోస్తే పైకి లేచేది, తెల్లారి చూస్తే పావు దగ్గర పడి ఉండేది. ట్యాంకు బోటు అడుగున, చెక్కల కింద ఉంది. డీజిల్ పోసే గొట్టం వంకర తిరిగి ఉండటంతో కర్ర దించి చూసే వీల్లేదు. ముల్లు ఎంత చూపిస్తే అంతే ఉన్నట్టు లెక్క. బోటులో పడుకునే మనిషి ఒక్కడే కనుక, అనుమానం కూడా ఆ ఒక్కడి మీదికే పోయింది. మొదట రేవులో వాళ్ళు గుసగుసలాడారు. తర్వాత నాన్న మాట్లాడటం తగ్గించాడు. ఒక ఉదయం ముల్లు మళ్ళీ పడిపోయి కనిపించేసరికి ఆయన చెయ్యి చాపి, “మావా, తాళం ఇచ్చీ” అన్నాడు.

సరంగు మావ మొలతాడు నుంచి తాళం విప్పి చెక్క మీద పెట్టాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ఇసకలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సంగతి నాన్న ఇంటికొచ్చి చెప్పినప్పుడు గెలిచినవాడిలా లేడు. అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

అప్పటికి మా చిన్నాన్నకి పెళ్ళై కొద్ది నెలలే. మా పిన్నిది చీపురుపల్లి. వాళ్ళ నాన్నకి అక్కడ ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. తల్లి లేని పిల్ల కావడంతో ఆ షెడ్డులోనే, స్పానర్ల మధ్యే పెరిగింది. మా ఇంట్లో మాత్రం ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. కొత్త కోడలు కనుక నాన్న ఎదుట పడేది కాదు, పడినా నోరు విప్పేది కాదు. ఆ పూట మాత్రం తలుపు వారగా నిలబడి నన్ను దగ్గరికి పిలిచింది.

“ఆ మీటరు తీగ ఎవులైనా ఇప్పి సూసినారేటో మీ నాన్నని అడుగమ్మా” అంది.

నేను అడగనక్కర్లేకపోయింది. ఆ మాట అందరికీ వినబడింది. చిన్నాన్న తల దించుకున్నాడు. ఆడపిల్ల బోటెక్కి ఇంజను ముట్టుకోవడమేమిటని నాన్న గొణిగాడు. నానమ్మ మాత్రం చుట్ట పక్కన పెట్టి, ఇప్పితే అరిగిపోతాదేటి, సూడనీ అని తేల్చేసింది.

ఎండెక్కే వేళకి అందరం బోటు మీదున్నాం. పిన్ని కొంగు బిగించి, చెక్కలు తీయించి, ట్యాంకు మీదున్న గుండ్రటి బిళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. దాని మీంచి మీటరుకి వెళ్ళే తీగ ఊడదీసి, ముల్లు చూడమని చిన్నాన్నకి చెప్పింది. ముల్లు పూర్తిగా కిందికి పడిపోయింది. అదే తీగ కొసని ఇంజను ఇనుముకి తాకించింది. ముల్లు ఆ చివరికి లేచింది. అంటే మీటరు బాగుంది, తీగ కూడా బాగుంది అంది పిన్ని.

ఆ మాట వినగానే, చూడ్డానికి చుట్టూ చేరిన రేవులో వాళ్ళ మొహాలు మారిపోయాయి. “ఇంకేటున్నాది సూడ్డానికి? మీటరు సరిగ్గానే సెప్తన్నాది” అని నాన్న లేచి నిలబడ్డాడు. మంచికని మొదలుపెట్టిన పని సరంగు మావ నేరాన్ని రుజువు చేసినట్టయింది. చిన్నాన్న కూడా ఇక చాల్లెమ్మని సైగ చేశాడు. పిన్ని లేవలేదు. ఈసారి నన్ను మధ్యన పెట్టకుండా తనే నాన్నతో మాట్లాడింది.

“మీటరు బాగున్నాదంటే డీజిలు పోయినాదని కాదు బావా. ట్యాంకు ఇంకా సూడలేదు.”

బిళ్ళ స్క్రూలు ఉప్పుకి బిగుసుకుపోయాయి. నూనె పోసి, కాసేపాగి, ఒక్కోటే కదిలించి విప్పింది. బిళ్ళ పైకి తీసేసరికి కింద డీజిల్ మూతి దాకా నిండుగా, ఎండకి మిలమిలలాడుతోంది. నాన్న వంగి వేలు ముంచి చూసుకున్నాడు. ఆ వేలు అలాగే పట్టుకుని చెక్క మీద కూలబడ్డాడు.

అక్కడితో ఆపినా సరిపోయేది. పిన్ని ఆపలేదు. ముల్లుని ఇలాగే వదిలేస్తే రేపు నింద ఇంకొకడి మీద పడుతుంది అంది. బిళ్ళ అడుగున వేలాడే ఇనప చువ్వ కొసన, వల తేలడానికి కట్టే బెండులాంటిది ఒకటి ఉంది. డీజిల్‌తో పాటు అది లేస్తుంది, దిగుతుంది. ఎక్కడో పట్టేసి ఉంటుందని ఆమె అనుకుంది. వేలితో ఎత్తి చూస్తే హాయిగా కదిలింది. తన అంచనా తప్పినందుకు నొచ్చుకోలేదు. బిళ్ళ ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, ట్రాక్టరంతా ఇనుమే, ఇది కర్ర కదా అంది.

ట్రాక్టరులో కరెంటు తిరిగి వెళ్ళడానికి ఆ ఇనప ఒళ్ళే దారి. కర్ర బోటులో ఆ దారి కోసం వేరే తీగ వెయ్యాలి. వెతికితే బిళ్ళ నుంచి ఇంజను దాకా, చెక్కల చాటున, సన్నటి తీగ దొరికింది. ఇంజను దగ్గర బోల్టు కింద దాని కొస పచ్చగా చిలుమెక్కి పొడి రాలుతోంది. రాత్రి చెమ్మ పట్టగానే ఆ చిలుము కరెంటుకి అడ్డుపడేది, తెల్లారేసరికి ముల్లు దిగిపోయేది. చేపలు కోసే కత్తితో గీకి, గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, మళ్ళీ బిగించింది. బిళ్ళ మూసి అన్నీ కలిపాక చిన్నాన్న తాళం తిప్పాడు. ముల్లు నెమ్మదిగా లేచి నిండు గీత మీద నిలబడింది.

నాన్న ఒడ్డుకి దిగి తిన్నగా సరంగు మావ ఇంటికి నడిచాడు. నేను వెనకాలే పరిగెత్తాను. ఆయన గుమ్మంలో వల కుట్టుకుంటున్నాడు. నాన్న ఆయన ముందు నేల మీదే కూర్చుని, “మావా, ముల్లు అబద్దం సెప్పినాది. నాను నమ్మీసినాను” అన్నాడు.

సరంగు మావ దారం కొరికి, “ముల్లుకేటి తెలుస్తాది బాబూ. నానంటే ఏటో నీకు తెలవాల గానీ” అన్నాడు.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాటి నుంచి సరంగు మావ బోటెక్కాడు, చేతనైనంతకాలం మాతోనే ఉన్నాడు. కానీ తాళం మాత్రం మళ్ళీ మొలతాడుకి కట్టుకోలేదు. నాన్న ఎన్నిసార్లు ఇచ్చినా నవ్వి, నీ దగ్గరే ఉండనీ అనేవాడు.

పిన్నిని ఆ తర్వాత రేవులో అందరూ పిలిచేవారు. ఎవరి ఇంజను మొరాయించినా కబురొచ్చేది. నేను మాత్రం ఆమె చేతి పనికంటే, ఆ నడిమధ్యలో ఆమె లేవకపోవడాన్ని ఎక్కువగా తలుచుకుంటాను. మొదటి పరీక్ష తను కాపాడాలనుకున్న మనిషికే ఎదురు తిరిగింది. అందరూ తేలిపోయిందనుకున్నారు. ఆమె ఆ ఫలితాన్ని కాదనలేదు, దానికి లొంగిపోనూలేదు. చూడాల్సింది ఇంకా మిగిలుందని మాత్రం అంది.

నేను ముప్పై ఏళ్ళకి పైగా బడిలో పాఠాలు చెప్పాను. పోయిన పెన్ను పక్క పిల్లాడి సంచిలో దొరికిన రోజులు, అందరూ ఒక్కడి వైపే వేలు చూపించిన రోజులు ఎన్నో వచ్చాయి. ఇప్పుడు ఇంట్లోనూ, వీధిలోనూ వస్తూనే ఉంటాయి. రుజువైపోయిందిగా అని అందరూ లేచి వెళ్ళిపోతుంటే, నేను ఇంకాసేపు అక్కడే కూర్చుంటాను.