నదులకు గడ్డాలు

మా అత్తగారు నాతో వాదించడం మానేశాక నాకు నిజంగా భయం వేసింది. ఆరు నెలల కోసం డబ్లిన్ వచ్చిన మనిషి. కరోనాతో విమానాలు ఆగిపోయి ఇక్కడే చిక్కుబడిపోయారు. డెబ్బై దాటినవాళ్ళు గడప దాటవద్దని మొదట్లో ప్రభుత్వం చెప్పింది. వేసవిలో ఆ మాట సడలించినా ఆవిడ మాత్రం గది వదల్లేదు. చలి మొదలయ్యేసరికి నడకా తగ్గింది, మాటా తగ్గింది. ఒకరోజు కూరలో కావాలనే ఉప్పు మానేశాను. ఆవిడ మాట్లాడకుండా తినేసి చెయ్యి కడుక్కున్నారు.

రోజూ నడిపించకపోతే మోకాళ్ళు పట్టేస్తాయని జీపీ, అంటే మా ఫ్యామిలీ డాక్టరు, ఫోనులో హెచ్చరించాడు. అప్పటికి మళ్ళీ లాక్‌డౌన్, ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదు. మా ఫ్లాటుకి పది నిమిషాల దూరంలో లిఫీ నది, ఆ గట్టునే కస్టమ్ హౌస్, రెండు శతాబ్దాలు దాటిన సుంకాల భవనం. ఏళ్ళ తరబడి దాని ముందు నుంచే ఆఫీసుకి వెళ్తూ ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు. వీధులు ఖాళీ అయ్యాకే కనిపించాయి, గుమ్మాల కమానుల మీది రాతి తలలు. ఉబ్బిన బుగ్గలు, ఎగిరే జుట్టు, ఆ జుట్టులో పళ్ళూ చేపలూ. భవనం శైలి వేరని పుస్తకాలంటాయి, అననివ్వండి. బుద్ధిగా నిలబడ్డ ఆ గోడలో తలలు మాత్రం అచ్చమైన బరోక్, పాత యూరప్ శిల్పుల ఆర్భాటపు శైలి. ఆ రాయి ఒక్కచోట కుదురుగా ఉండనంటుంది.

జీపీకి చెప్పేస్తానని బెదిరించి అత్తగారిని తీసుకెళ్ళాను. ఆవిడ కంచె ఊచలు పట్టుకుని పైకి చూశారు.

"ఇన్ని దిష్టిబొమ్మలెందుకమ్మాయ్?"

కట్టి ఇన్నేళ్ళయినా తీయలేదేమని కూడా అడిగారు. కొత్త మేడకి మనం వేలాడదీసే కోరమీసాల మొహాల్లాగే ఉన్నాయి మరి. మొత్తం పద్నాలుగు తలలనీ, ఇవి ఐర్లండు నదులనీ, ఒకటి మాత్రం సముద్రమనీ చెప్పాను.

"నదులకి గడ్డాలేంటి?"

గోదావరి గట్టున పుట్టినావిడ. గోదారమ్మకి గడ్డం పెడితే ఊరుకుంటామా అని, వాటిని చెక్కింది నేనే అయినట్టు నిలదీశారు. ఈ దేశాల్లో నదిని ముసలి దేవుడిగా చెక్కడం పాత ఆనవాయితీ అన్నాను. మరి ఈ ఎదురుగా పారే నదో, అన్నారు. అదొక్కటే ఆడది అన్నాను. చూపించమన్నారు.

మధ్య గుమ్మం మీద ఉందామె. అత్తగారు మాస్కు కిందికి లాగి, మెడ నొప్పెట్టేదాకా చూశారు.

"పదమూడు మంది మగాళ్ళ మధ్య ఒక్కతే. అందరికీ కాఫీలు ఈవిడే పెట్టాలి గావును."

గాలి కోసేస్తోంది, ఇంటికి పోదామన్నాను. ఆవిడ కదల్లేదు. మిగతా మూడు వైపులా చూడందే ఒక్కతేనని ఎలా అంటావని మొదలుపెట్టారు. పుస్తకంలో అలాగే రాసి ఉందన్నాను.

"ఆ పుస్తకం రాసినాయనా మగాడేగా. పద, వెనకవైపు చూద్దాం."

ఆ మాట నేననాల్సింది. అనలేకపోయినందుకు ఉక్రోషపడుతూ, ఊచ ఊచా పట్టుకుని ముందు నడుస్తున్న ఆవిడ వెనకే నడిచాను.