కిటికీ పెట్టిస్తే వాడంతా తుమ్మింది

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ ముక్క ఇంకోసారి చెప్పనివ్వండి: నేను డిగ్రీ పాసయ్యాను! తాతముత్తాతలందరినీ కలుపుకున్నా మా ఇంట్లో పట్టా పట్టుకొచ్చిన మొదటి మనిషిని నేనే. అదే వారంలో ఇంటి గోడ పగలగొట్టించి, కోరుట్లలో మా వాడంతా తుమ్మేలా చేసిన మొదటి మనిషినీ నేనే.

మా అమ్మ బీడీలు చేస్తుంది. ఆమె కూర్చునే గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా బల్బు కింద, దారాన్ని కళ్లకు ఆనించుకుని ముడి వేస్తుంది. ఆ కళ్లే నన్ను చదివించాయి. అందుకని ఆమె సిరిసిల్లలో అక్క ఇంటికి వెళ్లిన అదను చూసి మేస్త్రి మల్లయ్యను పిలిచాను.

"చెల్లె, అమ్మకు చెప్పినవా?"

"సర్‌ప్రైజ్ అన్నా."

"గీ సర్‌ప్రైజ్‌లు మస్తు సూసిన. ఆఖరికి తిట్లు మేస్త్రికే పడ్తయ్."

"డిగ్రీ చదివినోల్లకు తిట్లు పడయన్నా!"

ఫోన్‌లో దిక్కులు చూసి, ఎండ ఎటునుంచి వస్తుందో లెక్కగట్టి, గోడ మీద సుద్దతో గీత గీశాను. మల్లయ్య ముందు పైన గాడి కొట్టి లింటెల్ దూర్చాడు. అది గట్టిపడ్డాక కింది ఇటుకల్ని ముసలమ్మ పళ్లలా ఒక్కొక్కటే ఊడదీశాడు. జగిత్యాల నుంచి తెచ్చిన ఇనుప చట్రం బిగించాడు. గాలి రివ్వున లోపలికొచ్చింది.

"ఏసీ లెక్కున్నదన్నా!" అని గంతేశాను.

మల్లయ్య పార కడుగుతుండగానే అమ్మ వచ్చింది. కిటికీని చూసి కళ్లు ఇంతింత చేసుకుంది. సంతోషమనుకున్నాను. ఒళ్లో చాట పెట్టుకుని ఆకులో తంబాకు నింపబోయింది. సరిగ్గా అప్పుడొచ్చింది గాలి! బీడీలు చేసే ఇంట్లో మండుటెండల్లోనూ ఫ్యాను వెయ్యరని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్నే. చూసి ఏం లాభం? చాటలోని తంబాకు లేచి, గదంతా ఊరేగి, వీధిలోకి వెళ్లిపోయింది. కొత్త కిటికీ చూడ్డానికొచ్చిన ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మారు. పక్కింటి మేక కూడా తుమ్మింది, ఒట్టు. తడిపి ఉంచిన ఆకు గాలికి ఎండి అప్పడమైపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇల్లు పగలగొట్టి రచ్చకెక్కాను.

"మల్లయ్యా! పొద్దుగూకేలోపు గోడ ఎట్లుండెనో గట్ల మూసెయ్!"

"సూసినవా చెల్లె, తిట్లు ఎవలకు పడ్తున్నయో!" అన్నాడు మల్లయ్య, సిమెంటు కలపడం మొదలుపెడుతూ.

"అమ్మా, జర నా మాటిను..."

"ఏంది ఇనేది? గింత సదివినవ్, కిటికీల నుంచి గాలొస్తదని ఏ పుస్తకంల రాయలేదా?"

తిడుతూనే, తుమ్ముతూనే, చేతిలో మిగిలిన బీడీకి దారం చుట్టి, కళ్లకు ఆనించుకోకుండానే ముడి వేసింది.

"ముందుగాల గా బల్బు బంద్ చెయ్యి. కరెంటు ఉత్తగ కాలుతున్నది."

"బల్బు ఎయ్యలేదమ్మా. గా ఎలుగంత ఎండనే."

అమ్మ బీడీని చూసింది. కిటికీని చూసింది. మళ్లీ బీడీని చూసింది.

"మల్లయ్యా, సిమెంటు కలుపుడు ఆపు."

మర్నాడే చట్రానికి తెరుచుకోని అద్దం పెట్టించాం. వెలుగు లోపలికి, గాలి బయటికి! ఇప్పుడు వాడలో బీడీలు చేసే ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మా గదికే వస్తున్నారు. లోపల ఒకటే నవ్వులు. నాకే జాగా లేదు. నిన్న బయట కిటికీకి ఆనుకుని, నా పట్టాను నేనే మురిపెంగా చూసుకుంటుంటే, అమ్మ లోపలి నుంచి అద్దం మీద టకటకా కొట్టింది. అందరి ముందూ మెచ్చుకుంటుందని మొహం వెలిగించుకుని తిరిగాను.

"బిడ్డా, జర పక్కకు జరుగు. ఎండకు అడ్డమస్తున్నవ్!"

కాబట్టి ఒక చెయ్యి పట్టా మీద, ఇంకో చెయ్యి చాట మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ గోడను ముట్టుకున్నా, ముందు గాలిని పిలిచి పంచాయితీ పెడతాను. పెద్దమనిషిగా తంబాకును కూర్చోబెడతాను. నేను మాత్రం ఎండకు అడ్డం లేకుండా, ఓ మూలన నిలబడతాను.