ఎనిమిది మందికీ బి నెగెటివ్

కడప అజీజా ఆపాకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. ల్యాబులో నేను కడిగిన గాజు గొట్టాలను మళ్ళీ తనే కడిగేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒమాన్‌లోని సలాలాలో ఆరేళ్ళుగా అదే పని చేస్తున్నదాన్ని, నా చేతులు అంత పనికిరానివా!

1991లో, మేకల నుంచి మనుషులకు అంటుకునే ఒక జ్వరానికి రక్తపరీక్ష తయారుచేస్తున్నాం. జబ్బు సోకినవాడి రక్తంలో తేట మా మందుచుక్కతో కలిస్తే గడ్డలు కడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంతో ముందు దాన్ని సరిచూసుకోవాలి. అందుకని ఒక కొబ్బరితోట కూలీలు ఎనిమిది మంది రక్తం అడిగాం. వాళ్ళలోనే సూది వేయడం తెలిసిన మజహర్ తీసి పంపాడు.

ఎనిమిదీ గడ్డకట్టాయి. "పేర్లివ్వండి, వాళ్ళ కంపెనీకి రాద్దాం" అన్నాడు ల్యాబు పెద్దసారు. రాస్తే ఎనిమిది మందీ అన్‌ఫిట్, అందరూ ఇంటికే.

"ఆగండి సార్" అని ఆపా రక్తాల గ్రూపు చూసింది. ఎనిమిదీ బి నెగెటివ్.

"నూటికి ఒకరికో ఇద్దరికో ఉండేది ఎనిమిది మందికీనా? నా కాడనా వీళ్ళ ఆటలు!"

మర్నాడు ఇద్దరం వాళ్ళ రూముకు వెళ్ళాం. అందరి కళ్ళూ మా సంచీ మీదే.

"ఈ నెత్తురు ఎవరిదప్పా?" అంది ఆపా. " చెప్పకుంటే అందరి డ్యూటీ పోతాది. జబ్బున్నోడు మందు లేక మంచాన పడతాడు."

చివరకు సర్దార్ లేచాడు. అందరిలోకీ కండపట్టిన మనిషి.

"నాదేనక్కా. రక్తమిస్తే వీసా క్యాన్సిల్ చేస్తారని వీళ్ళకు భయం. రోజూ పచ్చి మేకపాలు తాగుతా గదా, గట్టోణ్ణని అందరి పేరునా నన్నే ఇమ్మన్నారు."

ఆ జబ్బు వచ్చేదే పచ్చిపాలతో.

"జ్వరం వస్తాందా?"

"మూడు నెల్లుగా. నడుము వంగదు. వీళ్ళకు చెప్పలా."

ఆపా సంచీలోంచి వాళ్ళ పేర్ల కాగితం తీసింది. "పేర్లు రాయను, నంబర్లే రాస్తా" అంది.

"ఎట్ల నమ్మేది?" అన్నాడు మజహర్.

ఆపా ఆ కాగితం అక్కడే చింపి, నా ముందు చేయి చాపింది. "ఒకటో నంబరు నాదే. తియ్."

తీశాను. ఆ తర్వాత ఒక్కొక్కరే చొక్కా చేతులు మడిచారు. సాయంత్రానికి సర్దార్‌ను డాక్టరు ముందు కూర్చోబెట్టి మందులు మొదలుపెట్టించాం.

ఆపా అన్నిటికీ మళ్ళీ గ్రూపు చూసింది, తనదానికి కూడా! తీసింది నేను గదా. ఈసారి గ్రూపులు కలగలుపుగానే ఉన్నాయి.

సర్దార్‌ది కాక ఇంకొకటి గడ్డకట్టింది, ఆరో నంబరు. రక్తం తీసింది నేనే కాబట్టి అది ఎవరిదో నాకు తెలుసు, మజహర్‌ది. పోయిన వారం తన చేతికి గుచ్చుకోవలసిన సూదిని సర్దార్‌కు గుచ్చింది అతనే.